పడవెక్కిన పంది, ముడి వేసిన మేక

తిరిల్ పళ్లకు లొంగని ముడి ఆ కొండవాలు మీద లేదు. గొడ్లపాక గడియ, గొర్రెల దొడ్డి తాడు, బట్టలు ఆరేసే దండెం, ఆఖరికి గున్‌వోర్ బూట్ల లేసులు, ఏదైనా సరే కాసేపు అటూ ఇటూ లాగి, నాలుగుసార్లు నమిలి విప్పి పారేసేది. విప్పాక ఏమవుతుందన్నది దానికి పట్టేది కాదు. గొర్రెలు బయటపడితే పడ్డాయి, దుప్పట్లు బురదలో పడితే పడ్డాయి. విప్పడంలోనే ఉంది సరదా అంతా.

"ఇది మేక కాదు, నాలుగు కాళ్ల తాళంచెవి" అని గున్‌వోర్ ఇంటికి వచ్చినవాళ్లకల్లా చెప్పుకునేది. తిరిల్ దాన్ని పొగడ్త కింద జమ వేసుకుంది.

గున్‌వోర్ ఇల్లు ఫ్యోర్డ్ ఒడ్డున, అంటే కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ ఒడ్డున, కొండ నడుం మీద అతికించినట్టు ఉండేది. తెల్లటి ఇల్లు, ఎర్రటి పాక, వాటి కింద పచ్చిక, పచ్చిక కింద చెక్క రేవు, రేవు దగ్గర పడవ. అక్కడికి రోడ్డు లేదు. పాల క్యాన్లు పోవాలన్నా, పిండి బస్తా రావాలన్నా, చర్చికి పోవాలన్నా, పంటి నొప్పికి డాక్టరు దగ్గరికి పోవాలన్నా పడవే దిక్కు. మిగతా ఊళ్లవాళ్లు కారును తుడిచినట్టు గున్‌వోర్ ఆ పడవను తుడుచుకునేది. ఏడాదికోసారి దానికి రంగు వేసి, ఆరేదాకా పక్కన కూర్చుని కబుర్లు చెప్పేది.

ఆ రోజు నడివేసవిలో వచ్చే సాంక్ట్ హాన్స్ పండగ. సాయంత్రం అవతలి ఒడ్డున సివర్ట్ వాళ్ల రేవులో పెద్ద మంట వేస్తారు, చుట్టుపక్కల వాళ్లంతా తలా ఒక వంటకం పట్టుకుని అక్కడికి చేరతారు. గున్‌వోర్ పొద్దున్నే లేచి మీగడ జావ కాచింది. పుల్లటి మీగడను సన్నటి సెగ మీద కలుపుతూ, వెన్న తేలేదాకా కలిపి, పైన పంచదార, దాల్చినచెక్క పొడి చల్లింది. ఆ వాసన కిటికీలోంచి దిగి, ముంగిలి దాటి, పందుల దొడ్డి దాకా వెళ్లి అక్కడే ఆగిపోయింది.

జావ కుండను ఉన్ని దుప్పట్లో పసిబిడ్డలా చుట్టి, పల్చటి రొట్టెల బుట్టతో పాటు తీసుకెళ్లి పడవలో పెట్టింది గున్‌వోర్. భోజనం చేసి, బల్ల మీద నడుం వాల్చి, వార్తాపత్రిక ముఖం మీద కప్పుకుంది. రోజూ ఆ వేళకు ఆమె పడుకుంటుంది. కొండచరియ విరిగి పడినా ఆ నిద్ర చెదరదని ఊళ్లో పేరు.

పత్రిక పైకీ కిందికీ ఆడటం మొదలుపెట్టగానే, దొడ్డి కర్రల మధ్య నుంచి ఒక గులాబీ రంగు ముట్టె బయటికి వచ్చింది.

"తిరిల్ అక్కా, ఇవాళ నువ్వు ఎంత బాగున్నావో" అన్నాడు ట్రుల్స్.

ట్రుల్స్ గున్‌వోర్ పంది. చూడటానికి పీపాలా ఉంటాడు, మాటలు మాత్రం వెన్న.

"ఏం కావాలిరా?" అంది తిరిల్.

"ఏమీ వద్దు. ఊరికే అన్నాను. గడ్డం దువ్వుకున్నావా?"

"గడియ తీయమంటావు. అంతేనా?"

"ఆ మాట నువ్వు అన్నావు. నేను అనలేదు. రేపు ఎవరైనా అడిగితే అలాగే చెప్తాను."

తిరిల్‌కు నవ్వొచ్చింది. పైగా ఆ గడియ కొత్తది, కిందటి వారమే బిగించారు. ఒకసారి నాలుక తగిలించి చూద్దామని దానికీ ఉంది. చూసింది. గడియ పాపం ఎంతోసేపు నిలవలేదు.

ఇద్దరూ పచ్చిక దిగి రేవు దగ్గరికి వచ్చేసరికి ఎదురుగా ఆగాటా నిలబడి ఉంది. ఆగాటా తెల్లటి పెద్దబాతు. ఆ ఇంటికి కాపలా తనదేనని ఎవరూ చెప్పకపోయినా తనే నిర్ణయించుకుంది. పడవలో ఉత్తరాలు తెచ్చే మనిషి ఆమె భయానికి ఉత్తరాలను రేవు మీద విసిరేసి తిరిగి చూడకుండా పోయేవాడు.

"ఎవరు? ఎక్కడికి? ఎవరినడిగి?" అంది ఆగాటా. ఆమె ఎప్పుడూ ప్రశ్నలు గుంపుగానే అడిగేది. జవాబు కోసం ఆగేది కాదు.

"వాసన చూసి వచ్చేస్తాను పిన్నీ" అన్నాడు ట్రుల్స్. "ముట్టుకోను. ముక్కు మాత్రమే పెడతాను."

"నీ ముక్కు ఎక్కడ ఆగుతుందో, నోరు ఎక్కడ మొదలవుతుందో నాకు తెలియదనుకున్నావురా?"

"అయితే నువ్వే దగ్గరుండి చూడు. కాపలా ఉన్నట్టూ ఉంటుంది. బుట్టలో రొట్టెలు కూడా ఉన్నాయి. ఎండకు మెత్తబడ్డాయేమో ఎవరో ఒకరు చూడాలి కదా."

ఆగాటా మెడ సాచి బుట్ట వైపు చూసింది. బాధ్యత గల పక్షి కాబట్టి, చూడాల్సిందే అనుకుంది.

అలా ట్రుల్స్ పడవలోకి దొర్లాడు. ఆగాటా బుట్ట అంచు మీద కూర్చుంది. తిరిల్‌కు జావ మీదా రొట్టెల మీదా మోజు లేదు. అది రేవు గుంజ దగ్గర పడుకుని, పడవను కట్టిన తాడును నోట్లో పెట్టుకుంది. ఏళ్ల తరబడి ఉప్పునీళ్లలో నానిన తాడు అది. ఒక్కో పోగులో ఒక్కో రుచి. తిరిల్ కళ్లు మూసుకుని, అవతలి కొండ మీద మేతను తలుచుకుంటూ, మెల్లగా నమలసాగింది.

పడవలో ముక్కు వెంట నోరు కూడా కుండలోకి దిగింది. ఆ తర్వాత చెవులు దిగాయి. కుండ అడుగు కనిపించాక ట్రుల్స్ ఒక పెద్ద నిట్టూర్పు విడిచి, దుప్పటి మీద పక్కకు ఒరిగి గురక పెట్టాడు.

"ఈ రొట్టె బాగానే ఉంది. ఇదీ బాగానే ఉంది" అంటూ ఆగాటా ఒక్కొక్కటీ పరీక్షిస్తోంది. కాసేపటికి తలెత్తి చూస్తే, రేవు ఉండాల్సిన చోట నీళ్లున్నాయి.

"ఒసేయ్ తిరిల్" అంది నెమ్మదిగా. "రేవు ఎటు పోతోంది?"

తిరిల్ కళ్లు తెరిచింది. నోట్లో తాడు ముక్క ఉంది. గుంజకు ఇంకో ముక్క ఉంది. మధ్యలో ఉండాల్సింది లేదు.

ఆటు మొదలైన వేళ. నీళ్లు వెనక్కి తీస్తున్నాయి, కొండ మీది గాలి కూడా అటే తోస్తోంది. పడవ ఎవరో పిలిచినట్టు చక్కగా ముక్కు తిప్పుకుని బయల్దేరింది. కొంచెం దూరంలో ఒక రాతి కొన నీళ్లలోకి పొడుచుకొచ్చి ఉంది. దాన్ని దాటితే ఫ్యోర్డ్ వెడల్పవుతుంది, ఆ తర్వాత సముద్రం. కిందటేడు ఎవరిదో ఖాళీ పీపా ఆ కొన దాటి పోయింది, మళ్లీ కనిపించలేదు.

ఆగాటా రెక్కలు కొట్టుకుంటూ రేవు మీదికి వచ్చి పడింది. "చూశావా, నేను చెప్పలేదూ?"

"ఏం చెప్పావు?"

"ఏదో ఒకటి చెప్పే ఉంటాను. తాడు తిన్నది నువ్వు."

"గున్‌వోర్ రొట్టెలు తిన్నది నువ్వు."

"నేను తినలేదు, పరీక్షించాను."

ఆ తగవులో పడవ ఇంకా దూరం పోయింది. ట్రుల్స్ లేచినట్టున్నాడు. అటు నుంచి సన్నటి కేక వినబడింది. "అక్కా, నేను కదలడం లేదు, కొండలు కదులుతున్నాయి" అంటున్నాడు. తర్వాత సంగతి అర్థమైనట్టుంది, కేక రాగం మారింది.

తిరిల్ నోట్లోని తాడు ముక్కను ఉమ్మేసి ఇంటి వైపు చూసింది. ఇల్లంతా పత్రిక కింద నిద్రపోతోంది, రేవు బోసిగా ఉంది. పడవ లేకపోతే గున్‌వోర్ ఈ కొండకు కట్టేసినట్టే. పాలు పాకలోనే విరిగిపోతాయి. ట్రుల్స్ ఎంత దొంగవెధవైనా సముద్రానికి ఇచ్చేయాల్సినవాడు కాదు. తాను ఇన్నేళ్లూ విప్పినవన్నీ ఎవరో ఒకరు మళ్లీ కడుతూనే ఉన్నారని తిరిల్‌కు అప్పుడే తట్టింది. ఇది కట్టడానికి ఎవరూ లేరు.

"నేను తీసుకొస్తాను" అంది ఆగాటా, రొమ్ము విరుచుకుని. నీళ్లలోకి దిగి, ఈదుకుంటూ పోయి, పడవకు వేలాడుతున్న తాడు ముక్కను ముక్కుతో పట్టి లాగింది. బలంగానే లాగింది. పడవ ముందుకు పోయింది, ఆగాటా పడవ వెంట వెనక్కి పోయింది. కాసేపు అలా ఊరేగి, వదిలేసి, ఒగరుస్తూ తిరిగొచ్చింది.

"పడవ బరువు కాదు" అంది. "లోపల ఉన్నవాడు."

ఈలోగా తిరిల్ ఒడ్డు వెంట రాళ్ల మీద గెంతుకుంటూ పోయి, పడవ రాయి దగ్గరగా వస్తే కొమ్ములతో ఆపుదామని చూసింది. పడవ దగ్గరగా రాలేదు. పాచి పట్టిన రాయి వచ్చింది. తిరిల్ గడ్డం దాకా నీళ్లలో జారి, వణుకుతూ బయటికి వచ్చింది. అంత చల్లటి నీళ్లు వేసవిలో ఎలా ఉంటాయో దానికి ఎప్పుడూ అర్థం కాలేదు.

"ఇక బోర్కెన్ తాతే" అంది ఆగాటా.

బోర్కెన్ ఆ ఇంటి గుర్రం. పసుపు వన్నె ఒళ్లు, పొట్టి కాళ్లు, బండరాయిని కూడా కదిలించే మెడ. పై పచ్చికలో మేస్తున్నాడు. చిక్కేమిటంటే, కిందటి శిశిరంలో బోర్కెన్ నిలబడి కునుకు తీస్తుంటే, తిరిల్ ఆయన తోకను సగం దాకా నమిలేసింది. అప్పటి నుంచీ ఆయన దానితో మాట్లాడటం మానేశాడు.

ఇద్దరూ ఆయాసపడుతూ పైకి వెళ్లారు. బోర్కెన్ తలెత్తలేదు.

"తాతా, పడవ కొట్టుకుపోతోంది" అంది తిరిల్.

బోర్కెన్ గడ్డి నమిలాడు. ఒక ఈగ వచ్చి వీపు మీద వాలింది. మిగిలిన తోకతో కొట్టబోయాడు, అందలేదు. "ఈగ వాలినప్పుడల్లా నువ్వే గుర్తొస్తావు పిల్లా" అన్నాడు.

"ట్రుల్స్ కూడా ఉన్నాడు పడవలో."

"వాడు ఎలా ఎక్కాడు?"

"నేనే గడియ తీశాను."

"తాడు ఎలా తెగింది?"

తిరిల్ ఆగాటా వైపు చూసింది. ఆగాటా ఆకాశం వైపు చూసింది.

"నేనే నమిలాను."

"ఈ చెవి సరిగ్గా వినబడదు" అన్నాడు బోర్కెన్. "మళ్లీ చెప్పు."

"నేనే నమిలాను తాతా. నీ తోక కూడా నేనే నమిలాను, గాలికి ఊడిందని అప్పుడు అబద్ధం చెప్పాను."

బోర్కెన్ నోట్లో ఉన్న గడ్డి నిదానంగా మింగాడు. ఆయన ఏ పనికైనా ముందు మింగుతాడు. "పదండి" అన్నాడు. "తాడు ఉందా?"

తాడుంది. ఎండిన గడ్డి మోపులను కొండ మీంచి కిందికి దించే పొడవాటి తాడు, రేవు పక్కన పడవల కొట్టంలో చుట్ట చుట్టి ఉంది. కొట్టం తలుపును గున్‌వోర్ తాడుతో ముడి వేసి కట్టింది. ఆ ముడి విప్పమని ఎవరూ తిరిల్‌ను అడగక్కర్లేకపోయింది. బోర్కెన్ మెడలో తోలు పట్టెడ ఉంది, గడ్డి కోతల రోజులు కాబట్టి గున్‌వోర్ తీయలేదు. పట్టెడకు పెద్ద ఇనప రింగు. తాడు ఒక కొస ఆ రింగుకు కట్టాలి, రెండో కొస పడవకు చేరాలి.

"కట్టు" అన్నాడు బోర్కెన్.

"ఎవరు?" అంది తిరిల్.

"నాకు డెక్కలున్నాయి, ఆవిడకు రెక్కలున్నాయి. ముడుల సంగతి తెలిసినదానివి నువ్వే కదా."

తిరిల్ తాడు కొస నోట పట్టుకుని రింగు ముందు నిలబడిపోయింది. పుట్టి బుద్ధెరిగాక అది ఒక్క ముడి కూడా వేయలేదు. కొస రింగులోంచి దూర్చింది. తర్వాత ఏం చేయాలో తోచక, ఇటు తిప్పి, అటు తిప్పి, తాడు కిందే కుక్కింది.

"చక్కిలిగింతలు పెట్టకు" అన్నాడు బోర్కెన్.

"అయిందనుకుంటాను."

"అనుకోవడంతో పడవలు రావు. సరే, పోనీ."

ఆగాటా రెండో కొస ముక్కున కరుచుకుని నీళ్లలోకి దూకింది. తాడు తడిసి బరువెక్కి కిందికి గుంజుతోంది. రేవు చెక్కల సందుల్లో ఇరుక్కున్నప్పుడల్లా తిరిల్ గెంతి విడిపిస్తూ, చుట్టలు చుట్టలుగా వదులుతూ పోయింది. ఇంతలో పడవ రాతి కొన దగ్గరకు చేరిపోయింది.

పడవలో ట్రుల్స్ కనబడలేదు. భయపడి, సముద్రం కనబడకుండా ఉంటే సముద్రానికి తాను కూడా కనబడడనుకుని, ముందు బల్ల కిందికి దూరాడు. దూరేటప్పుడు దూరాడు. జావ నిండిన పొట్ట బల్లకూ అడుగు చెక్కకూ మధ్య మేకు దిగినట్టు బిగుసుకుపోయింది. తల ఒక్కటే పడవ ముక్కు వైపు బయటికి ఉంది.

ఆగాటా పడవ అంచు మీదికి ఎక్కింది. "నోరు తెరువు."

"ఎందుకు?"

"పుట్టాక మొదటిసారి ఆ ప్రశ్న అడిగావురా. తెరువు, తాడు పట్టుకో. వదలకు. మాట్లాడకు."

ట్రుల్స్ తాడు పళ్ల మధ్య బిగించాడు. "ఎంతసేపు మాట్లాడకూడదు పిన్నీ?" అన్నాడు.

తాడు నీళ్లలో పడింది.

ఆగాటా మునిగి తాడు తెచ్చింది. "నోరు మూసుకుంటే చచ్చిపోతావా?"

ట్రుల్స్ తల అడ్డంగా ఊపాడు. ఆగాటాకు అనుమానం తీరలేదు. "జావ ఎలా ఉంది?" అని పరీక్ష పెట్టింది. ట్రుల్స్ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎంత చెప్పాలనుందో ఆ కళ్లలో తెలుస్తోంది. కానీ పళ్లు విడలేదు.

"తాతా, లాగు" అని ఆగాటా ఒడ్డుకు కేక పెట్టింది.

బోర్కెన్ మెడ వంచి కొండ బాటలో అడుగు వేశాడు. తాడు నీళ్లలోంచి లేచి, బిగిసి, నీటి చుక్కలు చిమ్మింది. పడవ ఆగింది. ఒక క్షణం ఊగింది. మరుక్షణం రింగు దగ్గర కుక్కిన కొస పాములా జారి బయటపడి, రేవు మీంచి నీళ్ల వైపు పరుగు తీసింది.

తిరిల్ ఆలోచించలేదు. రెండు గెంతుల్లో రేవు చివరికి వెళ్లి, తాడు కొస నీళ్లలో పడబోతుండగా పళ్లతో పట్టుకుంది. అటు పడవ, పంది, సముద్రం. ఇటు ఒక మేక. నాలుగు డెక్కలూ చెక్కల మీద కీచుమంటూ జారిపోతున్నాయి.

"తాతా" అంది పళ్ల మధ్య నుంచే.

బోర్కెన్ వెనక్కి నడిచి వచ్చి, తాడు మీద తన పెద్ద డెక్క వేసి తొక్కిపట్టాడు. తాడు ఆగింది. "ఇప్పుడు కట్టు" అన్నాడు. "నేను తొక్కి ఉంటాను. కంగారు పడకు. విప్పేటప్పుడు కంగారు పడతావా?"

పడేది కాదు. విప్పేటప్పుడు తిరిల్ ముడిని ముందు ముక్కుతో చదివేది. ఏ కొస పైన ఉంది, ఏది దేని కింద దూరింది, దేన్ని లాగితే ఏది వదులవుతుంది. కొట్టం తలుపు ముడి దానికి గుర్తొచ్చింది. గున్‌వోర్ చేతుల్లోంచి వచ్చిన ముడి, అన్నిటికన్నా మొండిది. విప్పినప్పుడు చివర్లో బయటికి వచ్చిన కొసను ఇప్పుడు ముందు లోపలికి పెట్టింది. రింగులోంచి దూర్చి, తాడు చుట్టూ తిప్పి, దాని కిందనుంచే వెనక్కి తెచ్చి, ఏర్పడిన కన్నంలోంచి లాగింది. వెనక నుంచి ముందుకు, తప్పు దారిలో ఇంటికి పోతున్నట్టుంది. పళ్లతో బిగించింది. మళ్లీ బిగించింది.

ముడి పడింది.

తిరిల్ దాని వైపు వింతగా చూసింది. బోర్కెన్ డెక్క తీశాడు. తాడు బిగిసింది, ముడి ఇంకా గట్టిపడింది.

ఆ తర్వాత పని అందరిదీ. బోర్కెన్ ఒక్కో అడుగూ కొండలోకి దిగేసినట్టు వేస్తున్నాడు. ఆగాటా పడవ కొన మీద నిలబడి రెక్కలు చాపి "హైలెస్సా" అంటోంది, బోర్కెన్ ఆ కేక వినబడినప్పుడే అడుగు వేస్తున్నాడు. ఆయన అలిసినప్పుడల్లా తిరిల్ వెనక నుంచి తలతో నెట్టింది. నెట్టడం వల్ల ఏమీ కాకపోయినా, ఆయన ఏమీ అనలేదు. ట్రుల్స్ నోరు మూసుకుని ఉన్నాడు. పడవకు కట్టిన కొక్కెం అతనే. బల్ల కింద ఇరుక్కున్న ఆ పొట్టే లేకపోతే, మొదటి గుంజుకే పంది ఒడ్డుకు వచ్చేది, పడవ సముద్రానికి పోయేది.

పడవ రేవుకు గుద్దుకున్న చప్పుడుకు కాదు, ఆగాటా "హైలెస్సా"లకే గున్‌వోర్ నిద్ర చెదిరింది. ఊరివాళ్లు చెప్పిన కొండచరియ మాట అబద్ధం కాదు, అది బాతు సంగతి లెక్కలోకి తీసుకోలేదంతే. ముఖం మీద వార్తాపత్రిక సిరా అంటుకుని, ఒక కాలికి మాత్రమే బూటు తొడుక్కుని ఆమె రేవు దాకా వచ్చింది.

గుర్రం కొండ బాటలో ఒగరుస్తోంది. గుర్రానికి కట్టిన తాడు పంది నోట్లో ఉంది. పంది పడవ బల్ల కింద ఉంది. బాతు రొట్టెల బుట్టలో నిలబడి ఉంది. జావ కుండ ఖాళీగా దొర్లుతోంది. తిరిల్ మాత్రం ఏమీ ఎరగనట్టు పచ్చిక వైపు చూస్తోంది.

గున్‌వోర్ రేవు మీద చతికిలబడింది. తెగిన తాడు ముక్కను చేతిలోకి తీసుకుని, పళ్ల గాట్లను వేలితో తడిమి చూసింది. తలెత్తి తిరిల్‌ను చూసింది. తిరిల్‌కు ఆ చూపు తిట్టు కన్నా కష్టంగా అనిపించింది.

ఇంతలో అవతలి ఒడ్డు నుంచి ఒక పడవ తెడ్లు వేగంగా కొట్టుకుంటూ వచ్చింది. అందులో సివర్ట్ ఉన్నాడు, మెడలో దుర్భిణి వేలాడుతోంది.

"గున్‌వోర్, నీ పంది ఒంటరిగా పడవేసుకుని విందుకు బయల్దేరితే సాయం చేద్దామని వచ్చాను" అన్నాడు. "నేను నీళ్లలో దిగేలోపే వీళ్లు లాగేశారు. మా రేవు మీద అందరూ వంతులవారీగా దుర్భిణి పట్టుకుని చూశారు."

"నవ్వుకోండి. జావంతా వీడి కడుపులో ఉంది."

"నవ్వుకున్నాం కానీ, రాతి కొన దాటి కొట్టుకుపోతుందనుకున్నప్పుడు ఎవరూ నవ్వలేదు. ఆ తాడు జారింది చూశావా? జారితే మీ మేక పట్టుకుంది. మళ్లీ ముడి వేసింది."

"తిరిల్ ముడి వేయడమా? నువ్వు పండగ బీరు పొద్దున్నే మొదలుపెట్టినట్టున్నావు."

"రింగు దగ్గరికి పోయి నువ్వే చూడు."

గున్‌వోర్ వెళ్లి చూసింది. ముడిని ఇటు తిప్పి, అటు తిప్పి, గోరుతో లాగి చూసింది. కదల్లేదు. ఆమె తిరిల్ దగ్గరకు వచ్చి, తడిసిన దాని గడ్డాన్ని రెండు చేతులతో పట్టుకుని పిండింది. నీళ్లు కారాయి. "నీళ్లలో కూడా పడ్డావా దొంగముండా" అంది. గొంతు మాత్రం మరో మాట చెప్పింది. తన మెడకున్న రుమాలు తీసి, దాని మెడ చుట్టూ చుట్టి రుద్దింది.

ట్రుల్స్‌ను బల్ల కింద నుంచి తీయడం పడవను లాగడం కన్నా పెద్ద పనైంది. సివర్ట్ ముందు కాళ్లు పట్టుకున్నాడు, గున్‌వోర్ వెనక కాళ్లు పట్టుకుంది. ఇద్దరూ చెరోవైపు లాగారు, ట్రుల్స్ ఎటూ రాలేదు. చివరికి ఒకే వైపు లాగాలని సివర్ట్‌కు తోచింది. బోర్కెన్‌ను కూడా పిలిచారు. ట్రుల్స్ సీసా బిరడాలా బయటికి వచ్చాడు. వస్తూనే ఇంతసేపు బిగపట్టిన మాటలన్నీ ఒక్కసారి వదిలాడు. మనుషులకు అది అరుపులా వినబడింది. తిరిల్‌కు మాత్రం జావలో దాల్చినచెక్క సరిపోయిందనీ, ఉప్పు ఒక చిటికెడు తగ్గిందనీ అర్థమైంది.

"ఇక నేను రాను సివర్ట్" అంది గున్‌వోర్. "ఒట్టి చేతులతో పండక్కి ఎలా వస్తాను?"

"నువ్వు రావద్దు. మేమే వస్తాం."

"ఇక్కడికా? ఇల్లు ఊడవలేదు."

"మంట ఇంట్లో వేస్తామా ఏమిటి?"

"తినడానికేం లేదంటున్నాను. జావ ట్రుల్స్ పొట్టలో ఉంది."

"అయితే ట్రుల్స్ పక్కన కూర్చుంటాం."

సాయంత్రం అవతలి ఒడ్డు నుంచి పడవలు బారులు తీరి వచ్చాయి. చేపలు వచ్చాయి, ఉడికిన బంగాళాదుంపలు వచ్చాయి, స్ట్రాబెర్రీలు గిన్నెలకొద్దీ వచ్చాయి. పాత చేపల పెట్టెలూ, విరిగిన కంచె కర్రలూ పోగేసి రేవు పక్క రాళ్ల మీద మంట వేశారు. కొండ నిటారుగా ఉందని పండగకు ఎవరూ ఎప్పుడూ గున్‌వోర్ ఒడ్డుకు వచ్చిందే లేదు. ఆమె ఒక కాలికి బూటు, ఒక కాలికి ఉన్ని మేజోడుతోనే అందరికీ కప్పులు అందిస్తూ తిరిగింది. పాట కూడా పాడింది. అకార్డియన్ వాయించే మనిషి ఆమె వెనకాల శ్రుతి వెతుక్కుంటూ అలిసిపోయాడు.

గొర్రెల దొడ్డి దగ్గర ఆగాటా జరిగినదంతా చెబుతోంది. ఆ కథలో పడవను ఆమె లాగింది, గుర్రం నెమ్మదిగా వెంట నడిచింది. మేక ఎక్కడో దూరంగా నిలబడి చూసింది. అలలు కొండంత ఎత్తున లేచాయి. గొర్రెలు నోళ్లు తెరుచుకుని వింటున్నాయి.

"నువ్వేమీ అనవా?" అన్నాడు బోర్కెన్.

తిరిల్ కొంచెం ఆలోచించింది. "అలలు బాగున్నాయి" అంది. "అవి ఉండనీ."

సూర్యుడు కొండ అంచున వేలాడుతున్నాడు, ఈ ఉత్తరపు వేసవి రోజుల్లో రాత్రైనా పూర్తిగా దిగడు. ఫ్యోర్డ్ మీంచి చలిగాలి లేచింది. తిరిల్ గడ్డం ఇంకా ఆరలేదు.

"గాలి అటు నుంచి వస్తోంది పిల్లా" అన్నాడు బోర్కెన్. "ఇటు వచ్చి నిలబడు."

తిరిల్ ఆయన పెద్ద పొట్ట చాటుకు వెళ్లి నిలబడింది.